సంఘంలో చేరాలా, ముందు బాబాయ్‌తో తేల్చుకోవాలా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. తన పేరు, సంస్థ పేరు బయటపెట్టొద్దన్నారు. వయసు 36. ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం చదివి, హైదరాబాద్‌లో ఒక పెద్ద పీఆర్ (ప్రజా సంబంధాల) ఏజెన్సీలో కొన్నేళ్లు పనిచేశారు. తండ్రి పోయాక తల్లి ఒంటరిదైందని విశాఖ వచ్చేశారు. పత్రికలో రిపోర్టర్‌గా చేసి రిటైరైన బాబాయ్‌తో కలిసి ద్వారకానగర్‌లో చిన్న పీఆర్ సంస్థ పెట్టారు. భాగస్వామ్య ఒప్పందంలో బాబాయ్‌ది 60 శాతం, ఈవిడది 40 శాతం. పెట్టుబడి ఆయనది కాబట్టి అప్పట్లో అది సబబే అనిపించిందట. ఇప్పుడు నలుగురు ఉద్యోగులు ఉన్నారు. రెండు ఆసుపత్రులు, ఒక కాలేజీ, మధురవాడలో ఒక బిల్డర్ వీళ్ల క్లయింట్లు. భోగాపురం వైపు వెంచర్ వేస్తున్న ఇంకో బిల్డర్ కూడా ఈమధ్యే వచ్చి అడిగాడట.

ఈలోగా ఊళ్లోని ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ పీఆర్ ఏజెన్సీ కోసం టెండరు పిలిచింది. సాంకేతిక అర్హతల్లో 'గుర్తింపు పొందిన పీఆర్ వృత్తి సంఘంలో సభ్యత్వం' ఉంటే 10 మార్కులు. ఏజెన్సీల సంఘంలో చేరదామని ఈవిడ ఫారం తెప్పించుకున్నారు. అందులో నియమావళికి కట్టుబడి ఉంటామని సంతకం పెట్టాలి. సమస్య అక్కడే మొదలైంది. బాబాయ్ ప్రతి ప్రెస్‌మీట్‌లో విలేకరులకు ఇచ్చే కిట్‌లో 500 రూపాయల కవరు పెట్టిస్తారు. క్లయింటు బిల్లులో దాన్ని 'మీడియా ఖర్చులు' అని రాస్తారు. 'కనీసం 10 పత్రికల్లో వార్త గ్యారంటీ' అని కొటేషన్‌లోనే హామీ ఇస్తారు. సంతకం మాట ఎత్తితే, "సంఘాలన్నీ ఢిల్లీ, హైదరాబాద్ వాళ్ల విందుల కోసం. మార్కులు కావాలంటే సంతకమేగా, పెట్టేయ్. ఎవడొచ్చి చూస్తాడు?" అన్నారట. తల్లి "నాన్న పోయాక మనకి నిలబడింది ఆయనే, ఎదురు మాట్లాడకు" అంటారు. భర్త విడిపోయి సొంతంగా పెట్టుకోమంటున్నారు. "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అబద్ధపు సంతకం పెట్టలేను, టెండరు వదులుకోలేను, బాబాయ్‌ని నొప్పించలేను. సంఘంలో చేరాలా వద్దా?" అన్నది ఆవిడ ప్రశ్న. చివర్లో ఇంకో సంగతి కూడా చేర్చారు. ఒక హైదరాబాద్ ఏజెన్సీకి విశాఖలో పని చేసిపెట్టిన డబ్బు ఐదు నెలలుగా రాలేదు. ఆ ఏజెన్సీ ఇదే సంఘంలో సభ్యురాలు కాబట్టి, తామూ చేరితే అడగడానికి ధైర్యం వస్తుందేమోనని ఆశ.

అమ్మా, సభ్యత్వ రుసుము గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, అదీ 'కట్టుకోగలం' అని. బాబాయ్ గురించి మూడు పేజీలు రాశారు. కాబట్టి ప్రశ్న సంఘం గురించే అయినా, అసలు చిక్కు ఎక్కడుందో మీకూ తెలుసు. అయితే టెండరుకి గడువుంది, బాబాయ్‌తో మాటకి గడువు లేదు. అందుకే ముందు టెండరు సంగతి చూద్దాం.

టెండరులో ఉన్న మాట మరోసారి చూడండి. 'పీఆర్ వృత్తి సంఘం' అని ఉందే తప్ప ఏ సంఘమో చెప్పలేదు. మన దేశంలో ఈ రంగానికి రెండు రకాల సంఘాలున్నాయి. ఒకటి పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా. 1958లో మొదలైంది, ప్రధానంగా వ్యక్తుల సంఘం. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన మొదటి జాతీయ సదస్సులో వృత్తి నియమావళిని స్వీకరించారు కాబట్టే ఏటా ఆ రోజున జాతీయ పీఆర్ దినోత్సవం జరుపుతారు. విశాఖలో దీని చాప్టర్ ఉంది. రెండోది పబ్లిక్ రిలేషన్స్ కన్సల్టెంట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, 2001లో ఏర్పడింది. ఇది ఏజెన్సీల సంఘం, సభ్యత్వం సంస్థ పేరు మీద ఉంటుంది. మీరు తెప్పించిన ఫారం ఈ రెండో రకానిది. టెండరు పిలిచిన సంస్థకి మొదటిది చాలా? మీ ఒక్కరి వ్యక్తిగత సభ్యత్వాన్ని సంస్థ అర్హతగా లెక్కిస్తారా? బిడ్లు వేయకముందు సందేహాలు తీర్చే ప్రీబిడ్ సమావేశానికి ముందే ఈ ప్రశ్న రాతపూర్వకంగా పంపండి. జవాబు అందరు బిడ్డర్లకూ రాతలోనే వస్తుంది. ఫోన్ చేసి అడిగిన జవాబు రేపు ఎందుకూ పనికిరాదు.

'చాలు' అంటే మీ మెడ మీది కత్తి చాలావరకు తొలగినట్టే. వ్యక్తిగా మీరు చేరొచ్చు, నియమావళికి మీరు బాధ్యత వహించొచ్చు. 'చాలదు, సంస్థ పేరు మీదే కావాలి' అన్నా, అవి 10 మార్కులే తప్ప తప్పనిసరి అర్హత కాదు కదా. మిగతా చోట్ల ఎన్ని మార్కులు తెచ్చుకోగలరో లెక్క వేసుకోండి. ఆ లెక్క మీ ఉత్తరంలో లేదు. టెన్షన్‌లో ఆ 10 మార్కులే కొండంత కనిపించి ఉంటాయి.

ఇంకొక సంగతి. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు, ఉందని రాశారు. 2012 నాటి కేంద్ర ప్రభుత్వ కొనుగోలు విధానం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు టెండరు పత్రాలు ఉచితం, ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) మినహాయింపు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం ఇలాంటి సంస్థల నుంచి, అందులో 3 శాతం మహిళల సంస్థల నుంచి తీసుకోవాలన్నది లక్ష్యం. భాగస్వామ్య సంస్థని మహిళల సంస్థగా లెక్కించాలంటే కనీసం 51 శాతం వాటా మహిళల పేరున ఉండాలి. మీది 40. ఈ అంకెను గుర్తుంచుకోండి, బాబాయ్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఇక సంతకం.

'ఎవడొచ్చి చూస్తాడు' అన్న మాటలో మీ బాబాయ్ చాలావరకు నిజమే చెప్పారు. ద్వారకానగర్‌లో ఒక చిన్న ఆఫీసుకి ఏ సంఘమూ తనిఖీకి రాదు. సంఘం చేయగలిగింది మహా అయితే బయటికి పంపడం. అయితే ఆ బహిష్కరణ కూడా ఒక్కోసారి సంస్థని ముంచుతుంది. లండన్‌లో బెల్ పాటింజర్ అనే పేరుమోసిన ఏజెన్సీ దక్షిణాఫ్రికాలో గుప్తా అనే వ్యాపార కుటుంబపు కంపెనీ తరఫున నడిపిన ప్రచారం జాతి విద్వేషాన్ని రెచ్చగొట్టిందని, 2017 సెప్టెంబరులో బ్రిటన్ పీఆర్ ఏజెన్సీల సంఘం దాన్ని బహిష్కరించింది. క్లయింట్లు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయి, అదే నెలలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లిపోయింది. మీ 500 రూపాయల కవరుకీ దానికీ పోలిక లేదు, నిజమే. సంఘం చేతిలో లాఠీ ఉండదు, దాని వేటు పడేది పేరు మీద అని చెప్పడానికే ఇది గుర్తుచేశాను.

మీ విషయంలో ప్రమాదం సంఘం వైపు నుంచి కాదు, టెండరు వైపు నుంచి. అబద్ధపు సంతకంతో తెచ్చుకున్న సభ్యత్వ పత్రాన్ని మీరు ప్రభుత్వ రంగ సంస్థకి అర్హతగా జతచేస్తారు. బిడ్‌లో చెప్పినవన్నీ నిజమని మళ్లీ సంతకం చేస్తారు. రేపు ఓడిపోయిన బిడ్డర్ ఎవరో ఒక పాత కవరు ఫోటో జతచేసి విజిలెన్స్‌కి లేఖ రాస్తే సంజాయిషీ చెప్పాల్సింది మీరు. తప్పుడు ధ్రువీకరణ అని తేలితే టెండర్ల నుంచే కొంతకాలం డిబార్ చేయొచ్చు. పైగా భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ తరఫున ఒక భాగస్వామి చేసిన పనికి మిగతావాళ్లూ బాధ్యులే. కవరు ఇచ్చింది బాబాయ్, సంతకం పెట్టింది నేను అని విడదీసి చూపడానికి వీలుండదు.

నియమావళి మీరు భయపడినంత పెద్ద చట్టమేం కాదు. ఉదాహరణకి, పీఆర్ ఏజెన్సీల అంతర్జాతీయ సమాఖ్య 2003లో స్టాక్‌హోమ్ చార్టర్ అని ఒకటి తెచ్చింది. పోటీ క్లయింట్ల గురించి అది ఏమంటుందో వింటే మీకు ఊరట. ఒకే రంగంలో ఇద్దరు క్లయింట్లు ఉండకూడదని అది అనదు. కొత్తవాళ్ల పని మొదలుపెట్టే ముందు పాత క్లయింటుకి ఆ సంగతి చెప్పి, ఒప్పందం ప్రకారం వాళ్లకున్న హక్కు వాడుకునే అవకాశం ఇవ్వాలంటుంది. అంటే భోగాపురం బిల్డర్ వచ్చాడని మధురవాడ బిల్డర్‌కి చెప్తే సరిపోవచ్చు. హామీల దగ్గర మాత్రం అది గట్టిగానే ఉంటుంది. నిలబెట్టుకోలేని గ్యారంటీలు, సమాచార మాధ్యమాల నిజాయతీని దెబ్బతీసే గ్యారంటీలు ఇవ్వొద్దంటుంది. మీ 'కనీసం 10 పత్రికలు' హామీ ఈ రెండింటికీ అడ్డంగా దొరికిపోతుంది. ఆ హామీ ఉంది కాబట్టే కవరు అవసరమవుతోంది. కొటేషన్‌లో ఆ వాక్యం ఉన్నంతకాలం కవర్లు ఆపమని బాబాయ్‌తో వాదించడం దండగ.

ఆయన్ని దుర్మార్గుడిగా చూడకండి. మీరు చూడటం లేదనుకోండి, మీ భర్త చూస్తున్నట్టున్నారు. రిపోర్టర్‌గా ఉన్నన్నాళ్లూ ఆయన కూర్చున్నది కవరు అందుకునేవాళ్ల మధ్యే. మండలాల్లో కంట్రిబ్యూటర్ బతుకు ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. నెలంతా తిరిగితే వచ్చేది లైన్ అకౌంటు డబ్బులు, అంటే అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చేవి. ఆనందపురం నుంచో పెందుర్తి నుంచో బీచ్ రోడ్డు హోటల్లో ప్రెస్‌మీట్‌కి రావాలంటే పెట్రోలు ఎవరు పోస్తారు? కవరు ఆయన దృష్టిలో లంచం కాదు, దారి ఖర్చు. ప్రెస్ కౌన్సిల్ నియమాలు విలేకరులు కానుకలు తీసుకోకూడదంటాయి. అయితే ఆ కౌన్సిల్‌కి మందలించే అధికారమే తప్ప శిక్షించే అధికారం లేదు. టీవీ చానళ్లు అసలు దాని పరిధిలోకే రావు. కాబట్టి నీతి పాఠంతో మొదలుపెడితే ఆయన మీకంటే మంచి వాదన వినిపిస్తారు, మీరు ఓడిపోతారు.

నాకు కవరు కంటే ఎక్కువ ఇబ్బంది అనిపించింది 'మీడియా ఖర్చులు' అన్న పద్దు. విలేకరికి డబ్బిస్తారన్నది ఊళ్లో చాలామందికి తెలుసు. మీ ఆసుపత్రి క్లయింటు అకౌంట్స్ మేనేజర్‌కి తెలుసా? తెలిసే కడుతున్నారా, ప్రింటింగో కొరియరో అనుకుంటున్నారా? తెలియకపోతే మీరు సంఘానికి చెప్పే అబద్ధం కంటే ముందే, ఏళ్ల తరబడి క్లయింటుకి చెబుతున్న అబద్ధం ఒకటుంది. మీకు నిద్ర పట్టకపోవడానికి దీనికీ సంబంధం ఉందని నా అనుమానం.

బాబాయ్ దగ్గర పనిచేసే మాట ఒకటుంది. ఈ టెండరు ఆయనకీ కావాలి. ప్రభుత్వ రంగ సంస్థ పని దొరికితే ప్రతి బిల్లుకీ వోచర్ కావాలి, ఆడిట్ ఉంటుంది. 'మీడియా ఖర్చులు, 40 మంది, తలా 500' అన్న కాగితాన్ని ఏ ఫైనాన్స్ అధికారీ పాస్ చేయడు. అంటే ఈ టెండరు గెలిస్తే, కనీసం ఆ క్లయింటు విషయంలో కవర్లు ఎలాగూ ఆగాలి. లేదా ఆ డబ్బు మీ జేబులోంచి పోవాలి. ఇది నీతి కాదు, లెక్క. ఇన్నేళ్లు సంస్థ నడిపిన మనిషికి లెక్క వినబడుతుంది.

మాట్లాడే చోటు కూడా చూసుకోండి. ఆఫీసులో ఉద్యోగుల ముందు వద్దు. అమ్మగారి ద్వారా అసలే వద్దు. ఆవిడ మధ్యలోకి వస్తే ఇది వ్యాపారం మాట కాకుండా కృతజ్ఞత మాట అయిపోతుంది, అక్కడ మీకు నోరు పెగలదు. వెళ్లేటప్పుడు గత ఏడాది ప్రెస్‌మీట్ల ఫైళ్లు పట్టుకెళ్లండి. కవరు ఇచ్చినవాటిలో ఎన్ని వార్తలు, ఎక్కడ వచ్చాయి? కవరు లేకుండా వట్టి ప్రెస్‌నోటు మాత్రమే పంపినవి ఎన్ని వచ్చాయి? ఆసుపత్రిలో అరుదైన ఆపరేషన్ జరిగితే కవరు లేకుండానే మెయిన్ ఎడిషన్ ఎక్కుతుంది. బిల్డర్ బ్రోచర్ ఆవిష్కరణ కవరు ఇచ్చినా జిల్లా పేజీలో సింగిల్ కాలమ్. ఆ తేడా ఆయనకి మీకంటే బాగా తెలుసు, పేజీ ఎన్నింటికి మూస్తారో, డెస్క్‌లో ఎవరికి ఏ వార్త నచ్చుతుందో తెలిసిన మనిషి. క్లిప్పింగుల సైజుని యాడ్ రేటుతో గుణించి క్లయింటుకి చూపిస్తున్నారని కూడా రాశారు. 2010లో బార్సిలోనాలో ఈ రంగం వాళ్లే కూర్చుని రాసుకున్న సూత్రాల్లో, యాడ్ రేటు పీఆర్ పనికి విలువ కాదని తేల్చేశారు. టెండరు ప్రెజెంటేషన్‌లో ఆ లెక్క చూపకండి. తెలిసిన అధికారి ఎవరైనా ఉంటే నవ్వుకుంటారు.

హామీ వాక్యం స్థానంలో మీరు చేయగలిగిన పని రాయండి. తెలుగు, ఇంగ్లిష్ ప్రెస్‌నోట్లు ఇన్ని గంటల్లో, ఫోటోలు ఇన్ని, మాట్లాడే డాక్టరు ఫోన్‌కి అందుబాటులో, ఏ విలేకరికి ఎప్పుడు పంపామో జాబితా. దూరం నుంచి వచ్చేవాళ్లకి ఇబ్బంది నిజమే కాబట్టి హోటల్ హాలు మానేసి ప్రెస్‌క్లబ్‌లో పెట్టండి. లేదా క్లయింటుకి ముందే చెప్పి, బిల్లులో ఆ పేరుతోనే రాసి, అందరికీ వాహనం ఏర్పాటు చేయండి. కొందరు విలేకరులు మొహం చాటేస్తారు. మొదటి కొన్ని నెలలు కవరేజీ తగ్గుతుంది, ఒక క్లయింటు పోవచ్చు కూడా. అది జరగదని నేను చెప్పను.

ఇప్పుడు మీ ముందున్న దారులు. బాబాయ్ ఒప్పుకుంటే, ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు నుంచి కవర్లు, గ్యారంటీ వాక్యం ఆపేసి, ఆ తర్వాతే సంస్థ పేరున సంఘంలో చేరడం. సంతకం ఆ రోజు నిజమవుతుంది. టెండరు గడువుకి అది కుదరకపోతే ఈసారికి ఆ 10 మార్కులు పోతాయి, అంతే. వచ్చే టెండరుకి పనికొస్తుంది. నా మనసు ఈ దారి వైపే మొగ్గుతోంది, అయితే ఇందులో ఈ ఏడాది ఆదాయానికి దెబ్బ ఉందని తెలిసే చెబుతున్నాను.

ఆయన సగం ఒప్పుకుంటే, అంటే 'కొత్త క్లయింట్లకి ఆపుదాం, పాతవాళ్లని కదపొద్దు' అంటే, అప్పుడు మీరు వ్యక్తిగా పబ్లిక్ రిలేషన్స్ సొసైటీలో చేరి ఊరుకోండి. ప్రభుత్వ రంగ సంస్థలు ఇన్ని ఉన్న ఊళ్లో వాటి పీఆర్ అధికారులతో పరిచయానికి అది మంచి చోటు. ఏజెన్సీల సంఘం ఫారం మాత్రం డ్రాయర్‌లోనే ఉంచండి. సగం ఆపిన సంస్థ పూర్తి సంతకం పెట్టకూడదు.

ఇప్పటికే సభ్యత్వం ఉన్న ఏజెన్సీతో కలిసి, టెండరు నిబంధనలు అనుమతిస్తే, వాళ్ల కింద బిడ్ వేయడం మూడోది. మార్కులు వస్తాయి. పని మీది, పేరు వాళ్లది. బాబాయ్‌కి ఇది నచ్చవచ్చు, ఎందుకంటే ఏమీ మారనక్కర్లేదు. సరిగ్గా అందుకే నాకు అంతగా నచ్చలేదు.

ఇక మీ భర్త చెప్పిన విడిపోవడం. అది సాధ్యమే. ఒప్పందంలో కాలపరిమితి లేకపోతే రాతపూర్వకంగా నోటీసిచ్చి బయటికి రావచ్చు. అయితే అనుభవం, టర్నోవర్ పాత సంస్థ పేరున ఉండిపోతాయి. కొత్త సంస్థకి ఈ టెండరు అందదు. మహిళ ఒక్కరే యజమాని అయిన సంస్థగా ముందుముందు లాభం ఉంటుంది, కానీ ఆ లాభం కోసం బాబాయ్‌ని వదలనక్కర్లేదు. ఆయనకి వయసు మీదపడుతోందని, ఆఫీసుకి రావడం తగ్గించాలనుకుంటున్నారని మీరే రాశారు. మీ వాటా 51కి పెంచి, ఆయన పెట్టుబడికి తగ్గ మొత్తం విడతల్లో చెల్లించి, సలహాదారుగా గౌరవంగా ఉంచే మాట ఎందుకు కదపకూడదు? ఆడిటర్‌ని కూర్చోబెట్టి మాట్లాడండి. ఇది కవర్ల గొడవ తేలాక, వేరే రోజు. రెండూ ఒకే రోజు కదిపితే 'వాటా కోసమే నీతులు చెప్పింది' అనుకుంటారు, ఆయన స్థానంలో ఎవరైనా అనుకుంటారు.

భోగాపురం బిల్డర్ విషయంలో ఒక హెచ్చరిక. ఆయన వెంచర్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు వచ్చిందా? 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాల్సిన ప్రాజెక్టుకి అది రాకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు. ప్రకటన అంటే పత్రికలో డబ్బు కట్టి వేసేదే కాదు, ఏ రూపంలో ఉన్న ప్రచారమైనా అందులోకి వస్తుంది. 'ప్రీలాంచ్ ఆఫర్' అని ప్రెస్‌నోటు పంపమంటే నంబరు వచ్చేదాకా ఆగమనండి. జరిమానా బిల్డర్‌కి పడినా, ఆ ప్రెస్‌నోటు కింద ఉండే ఫోన్ నంబరు మీది.

చివరగా ఆ హైదరాబాద్ బాకీ. సంఘంలో చేరితే అడిగే ధైర్యం వస్తుందన్నారు. ధైర్యం సంగతేమో గానీ, మీ తరఫున బాకీ వసూలు చేయడం సంఘం పని కాదు. మీకు చట్టమే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, రాత ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో చేయొచ్చు, అది ఇలాంటి బాకీల తగవులు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళుతుంది. ఫిర్యాదు చేశాక ఆ ఏజెన్సీ నుంచి మళ్లీ పని రాదనుకోవాలి. అందుకని మొదట ఇన్‌వాయిస్ తేదీలు, ఉద్యమ్ నంబరు, వడ్డీ నిబంధన ప్రస్తావిస్తూ మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. చాలాసార్లు దానికే కదలిక వస్తుంది. పైన చెప్పిన మూడో దారిలో కలిసి బిడ్ వేసేది ఇదే ఏజెన్సీతో అయితే మాత్రం, పాత డబ్బు చేతికి వచ్చేదాకా వాళ్ల కన్సార్టియం (ఉమ్మడి బిడ్) కాగితం మీద సంతకం పెట్టకండి.